కాచి చల్లార్చిన బోరు నీళ్ళు

ఇందులో ప్రతి మాటా నిజమని ప్రమాణం చేస్తున్నాను. మా ఆవిడ తల మీద చెయ్యి వేస్తానంటే ఒప్పుకోలేదు కనుక నా తల మీదే వేసుకున్నాను. హామిల్టన్ తెలుగువాళ్ళు ఇది చదివి నవ్వుతారని తెలుసు. నేను ఎప్పుడో పట్టిన చేప ప్రతి పాట్‌లక్ భోజనంలోనూ కాస్త పొడుగవుతోందని వాళ్ళ ఫిర్యాదు. చేప సంగతి వేరు. ఇది ఉద్యోగం సంగతి.

కోవిడ్ తర్వాత న్యూజిలాండ్ సరిహద్దులు తెరిచిన మరుసటి చలికాలం. భూగర్భ జలాల పరీక్షలు చేసిపెట్టే చిన్న సంస్థలో నేను సైంటిస్టుని. నేను పేరు చెప్పదలుచుకోని ఒక ప్రాంతీయ కౌన్సిల్ మాకు పని అప్పగించింది. ఈ దేశంలో నదులూ, నేలకింద నీళ్ళూ అలాంటి కౌన్సిళ్ళ బాధ్యత. పాడి పొలాల్లో ఆవు మూత్రం నుంచి నైట్రోజన్ నేలలోకి దిగి నైట్రేట్‌గా మారుతుంది. దానికి రంగూ వాసనా రుచీ ఉండవు. ఒక ప్రాంతంలో అది ఎంతవరకు దిగవచ్చో చట్టం ప్రకారం కౌన్సిల్ పరిమితి పెట్టాలి. పెట్టేముందు కౌన్సిల్ నియమించిన కమిషనర్లు కూర్చుని అందరి వాదనలూ వింటారు. దాన్ని హియరింగ్ అంటారు. అక్కడ నాలాంటివాళ్ళు సాక్షులు. నైట్రేట్ ఎంత, ఎక్కడికి చేరుతుందో కంప్యూటర్‌లో లెక్కగట్టే నమూనా, అంటే మోడల్, మా సాక్ష్యం.

ఆ హియరింగ్ కోసమే ఒక లోయలోని డెయిరీ ఫార్మ్‌కి బోరు నీళ్ళ శాంపిల్ తీయడానికి వెళ్ళాను. సీసా నింపేముందు బోరును కాసేపు ఊరికే వదిలేస్తాం. పైపులో నిలవున్నవి పోయి అసలు నీళ్ళు రావాలి. దీన్ని పర్జింగ్ అంటారు. మా ఉద్యోగంలో కబుర్లకు దొరికే సమయం అదొక్కటే. ఫోన్‌లో మా ఆవిడకు ఏదో కోతలు కోస్తుంటే, ఫార్మ్ పనివాళ్ళ ఇంట్లోంచి స్వెట్టర్ మీద శాలువా కప్పుకున్న పెద్దావిడ బయటికొచ్చింది.

“ఓ సారూ, తెలుగోళ్ళా? ఆవుల మొకాలు తప్ప మనిషి మొకం సూడక ఎన్ని దినాలైందో! లోపలికి రాండ్రి, చాయ్ తాగుదురు.”

ఆవిడ లక్ష్మవ్వ. కరీంనగర్ వైపు. అల్లుడు సురేష్ ఆ ఫార్మ్‌లో హెర్డ్ మేనేజర్, అంటే మందను చూసుకునేవాడు. కూతురు స్వాతి వృద్ధుల ఆశ్రమంలో డ్యూటీకి మళ్ళీ వెళ్తోంది. మనవరాలు ఆద్యకు ఇంకా బోర్లా పడటం కూడా రాలేదు. ఆ పిల్లను సాకడానికే ఈవిడ సముద్రాలు దాటి వచ్చింది.

వంటింట్లో స్టీలు గిన్నెలో నీళ్ళు మరుగుతున్నాయి.

“పసిపిల్ల గద సారూ. ఈ దేశపోళ్ళు నల్లా కింద సీసా పెట్టి తాగుతరు. నేనట్ల ఊకుంటనా? సగమయ్యేదాంక మసలబెట్టి, సల్లార్చి, డబ్బా పాలు కలుపుత.”

మా అమ్మ కూడా మమ్మల్ని అలాగే పెంచింది. మామూలుగా అయితే మెచ్చుకునేవాణ్ణే. కానీ నైట్రేట్ క్రిమి కాదు, వేడికి చావదు. నీళ్ళు ఆవిరైపోతాయి, అది మిగిలిపోతుంది. నీళ్ళు సగమైతే దాని గాఢత రెట్టింపవుతుంది. ఎంత ప్రేమగా కాస్తే అంత విషం.

ఉయ్యాలలోని పిల్లను అప్పుడు చూశాను. పెదాలు నేరేడుపండు తిన్నట్టున్నాయి.

“అమ్మా, పాప పెదాలు ఎప్పట్నుంచి ఇలా ఉన్నాయి?”

“సలికి సారూ. మొన్నటిసంది జర మబ్బుగ పండుకుంటున్నది. పాలు గూడ సక్కగ తాగుతలేదు.”

బ్యాగులోంచి టెస్ట్ స్ట్రిప్ తీశాను. లిట్మస్ కాగితం లాంటిది. నీళ్ళలో నైట్రేట్ ఎంతుంటే అంత గులాబీ రంగుకు తిరుగుతుంది. బోరు నీళ్ళకే తాగునీటి పరిమితి దాటింది. గిన్నెలో నీళ్ళకు ఆ స్ట్రిప్పుల డబ్బా మీది రంగుల పట్టీలో చివరి గడి కూడా చాలలేదు.

సురేష్‌ని పాలషెడ్డు నుంచి పిలిపించాను. పేడ అంటిన గమ్‌బూట్లతోనే కారెక్కాడు. ఆసుపత్రిలో పాపకు తీసిన రక్తం ఎర్రగా లేదు, చాక్లెట్ రంగులో ఉంది. నైట్రేట్ వల్ల పసిపిల్లల రక్తం ప్రాణవాయువును మోయలేకపోతుందని డాక్టరమ్మ చెప్పింది. నీలంగా మారిన పిల్లకు ఇచ్చే మందు కూడా నీలిరంగే. ఇది నా కోతల్లో ఒకటనుకునేరు, ఏ డాక్టర్నైనా అడగండి.

ఆద్య బతికింది. లక్ష్మవ్వ మాత్రం ఆసుపత్రి కుర్చీలో శాలువా నోటికి అడ్డం పెట్టుకుని ఒకే మాట అడుగుతూ కూర్చుంది.

“నా సేతుల్తోనే పోసిన్నా సారూ?”

“మీ తప్పు కాదమ్మా. ఆ నీళ్ళలో ఏముందో మీకు చెప్పాల్సినవాళ్ళు చెప్పలేదు.”

ఆవిడ వినలేదు. తిరిగి ఇండియా వెళ్ళేదాకా ఆ పిల్లను ఒళ్ళోకి తీసుకోలేదని స్వాతి తర్వాత చెప్పింది.

ఫార్మ్ యజమాని చెడ్డవాడు కాదు. ఆ వారంలోనే ఫిల్టర్ పెట్టించాడు. కానీ ఆ లోయలో అదే నీళ్ళమీద బతికే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. వాటి సంగతి తేలాల్సింది హియరింగ్‌లోనే. అందుకే సురేష్‌ని అడిగాను, పాప విషయం అక్కడ చెప్పనా అని.

“అన్నా, నీకు దండం పెడ్త. ఫార్మ్ పేరు, మా పేరు రానియ్యకు. నా వీసా ఈ జాబ్ మీదనే ఉన్నది. పొమ్మంటే ఏడికి పోవాలె?”

“పేర్లు లేకుండా చెప్తాను.”

“ఈ లోయల పసిపిల్ల ఉన్న తెలుగోళ్ళం ఎంతమందిమే?”

నిజమే. కౌన్సిల్‌లో పాలసీ అధికారి జానెట్ కూడా వద్దనే అంది, వేరే కారణంతో. “ఒక్క కేసు డేటా కాదు. రైతుల తరపు లాయరు అది సైన్స్ కాదు, సెంటిమెంట్ అంటాడు. మీ మోడల్ మీదే నిలబడండి.” కాదనలేకపోయాను. నా దగ్గర చేరే ప్రతి కొత్త ఉద్యోగికీ నేను మొదట నేర్పేది ఆ పాఠమే.

హియరింగ్‌కి ముందు ఎక్స్‌పర్ట్ కాన్ఫరెన్సింగ్ జరిగింది. రెండు పక్షాల నిపుణులనూ లాయర్లు లేకుండా ఒక గదిలో కూర్చోబెట్టి, దేన్ని ఒప్పుకుంటారో దేన్ని ఒప్పుకోరో రాయిస్తారు. రైతుల తరపు నిపుణుడు మర్యాదస్తుడు, తెలివైనవాడు. “ఈ నైట్రేట్ ఏ పొలానిదో కచ్చితంగా చెప్పగలరా?” అన్నాడు. చెప్పలేను. నేలకింద నీళ్ళు మెల్లగా కదులుతాయి. ఇవాళ ఆద్య తాగినది, వాళ్ళమ్మ బడికెళ్ళే రోజుల్లో నేలలోకి దిగినదై ఉండొచ్చు. “అయితే ‘అనిశ్చితి ఉంది’ అని రాద్దామా?” అన్నాడు. రాశాం. అది నిజం కాబట్టి నేనూ సంతకం పెట్టాను.

హియరింగ్ రోజు నా వాంగ్మూలం అయ్యాక కమిషనర్ల అధ్యక్షుడు కళ్ళజోడు తీసి, “లెక్కలు అర్థమయ్యాయి. ఆ నీళ్ళు ఎవరైనా తాగుతున్నారా?” అని అడిగాడు. “తాగుతున్నారు. ఒక పసిపిల్ల తాగి నీలంగా మారింది” అన్నాను. రైతుల తరపు నిపుణుడు తల దించుకున్నాడు.

అయినా కొన్ని నెలలకు వచ్చిన నిర్ణయంలో పరిమితి వాయిదా పడింది. కారణంగా చూపించింది మేము రాసిన వాక్యాన్నే. అనిశ్చితి ఉంది కనుక మరింత అధ్యయనం కావాలట. సురేష్ కుటుంబం ఆక్లాండ్‌కి మారిపోయింది. లోయలో మిగతా ఇళ్ళు అక్కడే ఉన్నాయి, ఆ నీళ్ళే తాగుతున్నాయి.

ప్రభుత్వం ముందు నిలబడ్డ సైన్స్, తనను అడిగినదానికే జవాబు చెబుతుంది. ఏం అడగాలో నిర్ణయించేది వేరేవాళ్ళు. నేర్చుకున్నది ఇదే. “తెలియదు” అని మేము నిజాయితీగా అన్న మాటకు, చట్టం రాసేవాళ్ళ చెవిలో “తొందరేం లేదు” అనే అర్థం వినిపిస్తుంది. ఇప్పుడు నా రిపోర్టులో అనిశ్చితి గురించి రాసిన ప్రతిచోటా, ఆగితే ఎవరికి ఏమవుతుందో కూడా పక్కనే రాస్తున్నాను. జానెట్ వాటిని కొట్టేస్తుంది. నేను మళ్ళీ రాస్తాను.

ఇక ఒప్పుకోవలసింది ఒకటుంది. బోరు, గిన్నె, చాక్లెట్ రంగు రక్తం, నీలి మందు, లక్ష్మవ్వ, అన్నీ జరిగినవే. నేను కల్పించింది అధ్యక్షుడి ప్రశ్న, దానికి నా జవాబు. ఆ నీళ్ళు ఎవరైనా తాగుతున్నారా అని ఆయన అడగలేదు. ఎవరూ అడగలేదు. ఆయన నన్ను అడిగింది, “మీ మోడల్ తప్పయ్యే అవకాశం ఉందా?” అని.

“ఉంది” అన్నాను.

ఆయన థాంక్యూ చెప్పి, టీ విరామం ప్రకటించాడు.