మేడం బండి నేర్చుకున్న యేడాది

పొద్దున్నే మా వీధిలో పాలు పోసే ఆయన తన పాత మోపెడ్‌ను తొక్కి తొక్కి స్టార్టు చేస్తాడు. ఆ పెట్రోలు పొగ వంటింట్లోకి వచ్చినప్పుడల్లా, అనంతపురంలో మాకు ఫిజిక్స్ చెప్పిన లీలావతి మేడం గుర్తొచ్చి నాకు నవ్వొస్తుంది.

ఎనభైల మొదట్లో హాస్టల్లో ఉండి బీఎస్సీ చివరి సంవత్సరం చదివేదాన్ని. మాది ధర్మవరం, నాయన పట్టుచీరలు నేసేవాడు. మా వీధిలో కాలేజీకి వెళ్ళిన మొదటి ఆడపిల్లను కాబట్టి యూనివర్సిటీ ఫస్టు రావాలని, ఎవరూ అడగకపోయినా, నాకు నేనే తీర్మానించుకున్నాను. తిండీ నిద్రా మానేసి చదివాను. చివరికి ఒకే పేజీ ఎన్నిసార్లు చదివినా బుర్రకెక్కడం మానేసింది. ఒకనాడు సబ్బుపెట్టె అనుకుని లాగరిథం పుస్తకం పట్టుకుని స్నానాల గదికి వెళ్ళాను. అర్ధ సంవత్సర పరీక్షలో ప్రశ్నలన్నీ చదివినవే అయినా ఒక్క జవాబూ గుర్తుకు రాక, రోల్ నంబరు మాత్రం వేసి ఖాళీ కాగితం ఇచ్చి వచ్చాను.

మేడం తన గదికి పిలిచారు. చిలమత్తూరు వైపు మనిషి. సన్నగా ఉండేవారు, గొంతు మాత్రం మైకులాంటిది. తిడతారనుకుని తలుపు దగ్గరే నిలబడ్డాను. ఆమె కాగితం తిరగేసి చూసి, తప్పులైతే ఏమీ లేవన్నారు. తర్వాత, తాను కొత్తగా మోపెడ్ కొన్నానని, నేర్చుకునేటప్పుడు వెనక పట్టుకోవడానికి మనిషి కావాలని, సాయంత్రం గ్రౌండుకు రమ్మని చెప్పారు. చదువుకోవాలని గొణిగాను.

"చదివితే వచ్చింది ఈ తెల్లకాగితమే కదా పాపా. కొన్నాళ్ళు చదవకుండా చూస్తాం పా," అన్నారు.

ఆనాటి నుంచి మేడం చీర కుచ్చెళ్ళు ఎగదోపి బండెక్కేవారు. నేను క్యారియరు పట్టుకుని ఎర్రదుమ్ములో వెనక పరుగెత్తేదాన్ని. చలన సూత్రాలన్నీ మాకు నేర్పిన మనిషి రోజూ అదే ముళ్ళకంపలో పడేవారు. ముళ్ళు నేను తీసేదాన్ని. హాస్టలుకు వచ్చి సంగటి ఇంకో ముద్ద అడిగి తిని, తల దిండుకు తగలగానే నిద్రపోయేదాన్ని.

ఒక సాయంత్రం మెల్లగా పట్టు వదిలేశాను. బండి చక్కగా సాగింది. మేడం గ్రౌండంతా చుట్టి నా ముందు నుంచి పోతూ, "నిలిపేది ఎట్లనే?" అన్నారు. నేను నోరు తెరిచేలోగా దాటిపోయారు. మళ్ళీ వచ్చారు, మళ్ళీ పోయారు. వాలీబాల్ ఆడే పిల్లలు ఆట మానేసి వరుసగా నిలబడ్డారు. పెట్రోలు అయిపోయేదాకా ఆ ప్రదక్షిణ సాగింది. నేను నేలమీద కూలబడి పొట్ట పట్టుకుని నవ్వాను. ఆ నవ్వు ఎప్పుడు ఏడుపయిందో తెలియలేదు.

మేడం వచ్చి నా పక్కన దుమ్ములోనే కూర్చున్నారు. ఫస్టు రాకపోతే నాయనకు ముఖం ఎలా చూపించాలని వెక్కిళ్ళ మధ్య అడిగాను.

"నాకు సెకండ్ క్లాసే వచ్చినాది పాపా. ఇన్నేండ్లుగా పాఠం చెప్తాండా. నీకెన్ని మార్కులని ఒక్క పిల్లా అడగల్యా. అర్థమైతాందా లేదా, అంతే వాళ్ళకు కావాల్సింది."

చివరి పరీక్షల ఫలితాలొచ్చాయి. నాకూ సెకండ్ క్లాసే. ఇంటికి వెళ్ళి భయం భయంగా చెప్తే, నాయన మగ్గం మీద నుంచి తలెత్తకుండా, "అంటే పాసైనట్లేనా?" అన్నాడు. అవునన్నాను. "అయితే పోయి అన్నం తిను," అన్నాడు.

తర్వాత నేనూ టీచరునై, ఆ ఉద్యోగంలోనే రిటైరయ్యాను. మేడం చెప్పిన ఫిజిక్స్ చాలావరకు మరిచిపోయాను. అలసట వస్తే పని సగంలో ఉన్నా వదిలేసి లేవడం మాత్రం ఆమె దగ్గర అబ్బిన విద్య. తోటి టీచర్లు దాన్ని బద్ధకం అనేవారు. ఇప్పటికీ, దోసెలు పోస్తూ అలసిపోతే పొయ్యి ఆపేసి అరుగు మీదకు వెళ్ళి కూర్చుంటాను. ఇంట్లోవాళ్ళు ఒకటి రెండుసార్లు పిలుస్తారు. తర్వాత వాళ్ళే పోసుకుంటారు.