పిడిలో మిగిలిన చెయ్యి

అశ్వారావుపేటలోని ఆ షాపుకు నన్ను తీసుకెళ్లింది నా మిత్రుడి భార్య. పామాయిల్ గెలలు కోసే గెడలు గోడ పొడుగునా నిలబెట్టి ఉన్నాయి. కింద పిడి నొక్కితే పైన కత్తెర మూసుకుంటుంది. ఒకదాన్ని పట్టుకున్నాను. ఉంగరపు వేలికి చోటు లేదు, అక్కడ బొడిపె ఉంది. రెండోదీ అంతే. అన్నీ అంతే.

దాన్ని కనిపెట్టిన నా మిత్రుడికి కుడిచేతి ఉంగరపు వేలు లేదు. మెత్తని లప్పం ముద్దను గుప్పిట్లో బిగించి పిడికి అచ్చు తీసుకున్నాడు. పేటెంటు వచ్చాక ఎక్కువ కాలం బతకలేదు. ఇప్పుడు అతని గుప్పిట గోడ పొడుగునా వరుస కట్టింది. దయ్యాలు లేవని ఊరూరా మైకు పట్టుకుని వాదించినవాణ్ణి, చెయ్యి గబగబా ప్యాంటుకు తుడుచుకున్నాను.

అడగకుండా వాటిని చేసి అమ్ముతున్న కంపెనీ మీద ఆమె కేసు వేసింది. పేటెంటుకు ముందునుంచే మేం తయారుచేస్తున్నాం, అది చెల్లదు అని కంపెనీ జవాబిచ్చింది. మొదటి గెడ తెండి, ఆ పిడి ఎవరి చేతిలో పుట్టిందో జడ్జికి చూపిస్తానన్నాడు వకీలు.

అది అడవిలో ఉంది. మనిషి పోతే అతని పనిముట్టును, అతన్ని పూడ్చిన చోట రాళ్ల దగ్గరే వదిలేయడం వాళ్ల తెగ ఆచారం. మనకున్న ఒక్క సాక్ష్యాన్ని చెదలకు వదిలేస్తామా అని చాలాసేపు వాదించాను. ఆమె తునికాకు కట్టలు కడుతూ వింది.

"మరి ఆయన ఉత్త చేతుల్తోని ఏం చేస్తడన్నా?"

చచ్చినవాడికి చేతులెక్కడివి చెల్లె అన్నాను.

"గట్లయితే షాపుల గంత జల్దీ ఎందుకు తుడుచుకున్నవ్?"

మర్నాడు ఆమే కంపెనీ గెడ ఒకటి కొని తెచ్చింది.

మిట్టమధ్యాహ్నం వెళ్లాం. రాలిన టేకు ఆకుల మీద మా అడుగులు తప్ప చప్పుడు లేదు. కొత్త గెడను రాళ్లకు ఆనించి, "ఇది గూడ నీ చెయ్యే. పట్టుకో, అది ఇడువు" అంది, ఇంట్లో మనిషితో అన్నట్టు. పాతదాన్ని లాగాను. రాలేదు. మళ్లీ లాగినా రాలేదు.

"తీగ చుట్టుకుందన్నా," అంది నన్ను చూసి. "తీగనే."

తీగేనని నాకూ తెలుసు. కొడవలి ఆమే అందుకుంది.

సత్తుపల్లికి కిరాయి ఆటో పైన గెడను కట్టాం. పిడి పక్కకు వేలాడింది. వకీలు ఇంటిదాకా ఆమె చెయ్యి బయటపెట్టి దాన్ని పట్టుకునే కూర్చుంది. నేనేమీ వాదించలేదు.