పగలని గోడ మీద పగులు

కొత్త గోడను పాతదిగా చేయడం నా వృత్తి. నవ్వకండి, ఈ రోజుల్లో దానికే గిరాకీ.

తొర్రూరులో ఎరువుల దుకాణం నడిపే ఆసామి ఒకాయన కొత్త ఇల్లు కట్టుకున్నాడు. ఏదో హోటల్లో తీసిన ఫొటో చూపించి, "హాల్ల గిట్లనే కావాలె తమ్మీ. పెచ్చులూడి లోపలి ఇటుక కనవడాలె" అన్నాడు. జఫర్‌గఢ్‌లో పెచ్చులూడిన ఇంట్లోనే పుట్టి పెరిగిన నాకు ఫొటో ఎందుకు? రంగులతోనే ఇటుక మీద ఇటుక, ఊడిన సున్నానికి నీడ, పైనుంచి కిందికి ఒక పగులు. వేశాక నాకే ముచ్చటేసింది. రంగు చెదరకుండా పైన కొట్టాల్సిన క్లియర్ కోటు మాత్రం ముహూర్తం తొందరలో మిగిలిపోయింది.

ఆ గోడకు ప్లాస్టరింగ్ చేసిన మేస్త్రీ మా మేనమామ. నాకీ పని ఇప్పించిందీ ఆయనే. నేను బ్రష్ పట్టకముందే తన పని ముగించుకుని వెళ్ళాడు. మళ్ళీ గృహప్రవేశానికే వచ్చాడు, ఇస్త్రీ చొక్కా వేసుకుని. పక్క ప్లాటు పెద్దాయన తన ఇంటి పని ఆయనకే ఇస్తానన్నాడు. ఆ మాట ఆ రోజు ఖాయం కావాలి.

పెద్దాయన హాల్లో అడుగుపెట్టి, గోడ చూసి ఆగిపోయాడు.

"ఏందయ్యా మేస్త్రీ, ఇంట్లకు దిగకముందే పగిలింది? సిమెంటు కలిపినవా, ఉట్టి ఇసుకనే కొట్టినవా?"

మామ ముఖం పాలిపోయింది. నాకు మాత్రం, సిగ్గు విడిచి చెబుతున్నాను, నా పగులును నిజమనుకున్నందుకు కడుపు నిండిపోయింది.

"అది రంగు బాపూ! నేనే వేసిన" అన్నాను.

"మేనల్లుడివి గదా, గట్లనే అంటవు" అన్నాడాయన.

మామ వెళ్ళి పగులు మీద అరచేయి ఆనించాడు. నున్నగా తగిలింది. అంతే, పెద్దాయన చేయి పట్టుకుని గోడ దగ్గరికి లాక్కెళ్ళాడు. "ఏడ పగిలిందే అన్నా? రుద్ది చూడు!"

ఆయన రుద్దాడు. నమ్మకం కుదరక గోటితో గీకాడు. ఆయన వెనక ఆయన భార్య, ఆమె వెనక దావత్ పంక్తి మొత్తం లేచి వచ్చింది. అన్నీ మటన్ తిన్న చేతులే. "అయ్యయ్యో, జర పైలం! అవ్వా, గీకకు!" అని మొత్తుకున్నాను. మామ పక్కనే నిలబడి ఇంకా ఇద్దరిని కేకేసి పిలిచాడు.

సాయంత్రానికి నా ఇటుకలు నూనె, పసుపు కలిసి ముద్దయ్యాయి. పగులు సగం లేదు. ఆసామి నన్నూ గోడనూ మార్చి మార్చి చూసి లోపలికి వెళ్ళాడు. తిట్టినా బాగుండేది. నాకు ఏడుపొచ్చింది.

మామ వచ్చి భుజం మీద చేయి వేశాడు. "పని ఖాయమైందిరా అల్లుడా! నా గోడ ఇనుమంటున్నరు."

"మరి రంగుల పని?"

ఆయన మీసం దువ్వుకున్నాడు.

"గా పని వేరేటోనికి ఇస్తరట. నీ రంగు ఆగదంటున్నరు."