బంకరుకు గడప

యుద్ధం ముగిసిన తర్వాతి చలికాలంలో, ఒక శుక్రవారం పూట, మేం నలుగురం ఇరాక్ సైన్యం కువైట్ ఎడారిలో తవ్వుకున్న బంకరును చూడటానికి వెళ్లాం. పులిహోర కూడా కట్టుకున్నాం. మనవాళ్లు కొండకు బయలుదేరినా, కోర్టుకు బయలుదేరినా, శత్రువు తవ్విన సొరంగానికి బయలుదేరినా ముందు చింతపండు నానబెడతారు.

నలుగురిలో ముగ్గురికి అది విహారయాత్ర. ఇంజనీరు గారు, ఆయన భార్య విజయవాడ వాళ్లు. అహ్మదిలో ఆయిల్ కంపెనీ ఇచ్చిన ఇంట్లో ఉండేవాళ్లు. వ్యాను నడిపే డ్రైవరన్నది మా రాయచోటి పక్క. నేను అల్ రాయ్‌లో కార్ల విడిభాగాల గోడౌనులో పని చేసేవాణ్ణి. అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్లు. నేను వెళ్లింది మా బావ కోసం.

బావ అంటే మా అక్క మొగుడు. తాపీమేస్త్రీ. ఆక్రమణ మొదలైన నెలరోజులకు సైనికులు మా గదికొచ్చి ఆయన్ను తీసుకుపోయారు. మళ్లీ రాలేదు. గదిలోవాళ్లంతా ఒక్కొక్కరే ఖాళీ చేసి వెళ్లిపోయినా నేను ఉండగలిగినన్నాళ్లు ఉన్నాను. తర్వాత బస్రా, బాగ్దాద్ మీదుగా బస్సుల్లో పోయి, జోర్డాన్ ఎడారిలో గుడారాల్లో పడి ఉండి, విమానమెక్కి బొంబాయిలో దిగాను. ఊళ్లో బస్సు దిగితే అక్క నన్ను చూడలేదు. నా వెనక్కి చూసింది. నా వెనక సూట్‌కేసు తప్ప ఏమీ లేదు.

ఏడాది గడిచింది. బావ వాళ్లన్న, ఇంటికి పెద్దాయన, ఇక గడ్డిబొమ్మ చేసి దహనం జరిపించి కర్మ ముగించేద్దామన్నాడు. మనిషి దొరకనప్పుడు మావైపు అలా చేస్తారు. అక్క వినలేదు.

“గడ్డిని కాలిస్తే మొగుడు పోయినట్టా? పోయినాడని కండ్లారా చూసినోళ్లు ఎవరన్నా వచ్చి చెప్పమను. ఆ పొద్దు నా చేత్తో నేనే బొట్టు చెరుపుకుంటా,” అంది.

కొత్త వీసా వచ్చి నేను మళ్లీ బయలుదేరుతుంటే పెద్దాయన బస్సు దాకా వచ్చాడు.

“ఉన్నాడంటే ఉన్నాడని, లేడంటే లేడని ఏదో ఒకటి తేల్చి చెప్పు నాయనా. ఆ బిడ్డ అట్ల వాకిలి పట్టుకోని ఎన్నాళ్లు కూర్చోవాల?”

అక్క ఎదురుచూపు ముగించడం. నాకు అప్పజెప్పిన పని అదీ.

అప్పటికి అక్కకు నేను చెప్పనిది ఒకటుంది. బావను పట్టించింది నేనే.

ఇరాక్ సైనికులకు మనవాళ్లంటే పగేమీ లేదు. “హిందీ? సదీఖ్,” అని, ఇండియావాడివా, అయితే స్నేహితుడివేలే అన్నట్టు భుజం తట్టేవాళ్లు. తట్టిన భుజానికి సంచీ ఉంటే అందులోని రొట్టెలు సగం తీసుకునేవాళ్లు. స్నేహితుల దగ్గరే గదా చనువు. ఫర్వానియాలో మా గదిలో అరబ్బీ నాలుగు ముక్కలు వచ్చింది నాకే. వాళ్లొస్తే మాట్లాడే పని నాది. ఒకరోజు ఒక సార్జెంటు కాగితం పట్టుకుని వచ్చి, ఎవరెవరు ఏం పని చేస్తారని అడిగాడు. అందరూ ఊపిరి బిగబట్టి గోడకు ఆనుకుని నిలబడ్డారు. అలాంటి దృశ్యం చూస్తే నా నోరు ఊరుకోదు. ఒకణ్ణి చూపించి, వీడి పని నిద్రపోవడం అన్నాను. వీణ్ణి లేపడం నా పని అన్నాను. సార్జెంటు నవ్వాడు. బావ దగ్గరికి వచ్చేసరికి నాకు బాగా ఊపొచ్చింది.

“ముహందిస్,” అన్నాను. ఇంజనీరు. “చాలా పెద్ద ఇంజనీరు. మా జిల్లాలో వానకు కారని ఇల్లు ఈయన కట్టిందొక్కటే.”

అందరూ నవ్వారు. బావా నవ్వాడు. సార్జెంటు కూడా నవ్వుతూనే కాగితం మీద రాసుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే జీపు వచ్చింది. ముహందిస్ ఎక్కడ అన్నారు. తమాషాకన్నాను, నిజం కాదు అని చెప్పబోతే నా అరబ్బీ చాలలేదు. ఏ భాషైనా చాలేది కాదనుకుంటాను. బావ చొక్కా తొడుక్కున్నాడు. సంచీలో తాపీ వేసుకున్నాడు.

“ఇంజనీరును చేస్తివి గదరా బామ్మర్దీ,” అన్నాడు మెట్లు దిగుతూ. “తాపీ పట్టుకోని పోతే నమ్ముతారంటావా?”

“టై కట్టుకో బావా, నమ్ముతారు,” అన్నాను.

ఆయనతో నేనన్న ఆఖరి మాట అది. ఆఖరి మాటల్లో జీవితసారం ఉంటుందంటారు. మా దాంట్లో టై ఉంది.

ఆ తర్వాత ప్రతిరోజూ చెక్‌పోస్టు దగ్గరికి వెళ్లి ముహందిస్ ఎక్కడని అడిగేవాణ్ణి. ఏ కంపెనీ ముహందిస్ అని తిరిగి అడిగేవాళ్లు. యుద్ధం తర్వాత వచ్చినప్పుడు, కనబడకుండా పోయినవాళ్ల జాబితాలో ఆయన పేరు రాయించాను. వృత్తి అన్నచోట తాపీమేస్త్రీ అని చెప్పాను. ఈసారి నిజమే చెప్పాను.

ఆ శుక్రవారం నన్ను పిలిచింది డ్రైవరన్న.

“మా ఇంజనీరు సారు ఇంటామె బంకరు చూడాలంటాంది. పనోళ్లను కొందర్ని ఆ దిక్కుకే తోలుకపోయినారని మా క్యాంపులో ఒకాయప్ప చెప్పినాడు. నువ్వూ రా. ఏమీ లేకపోతే అన్నమన్నా తినొస్తాం,” అన్నాడు.

అహ్మది దాటాక ఇసుక నల్లగా ఉంది. నూనెబావులు తగలబడినన్నాళ్లు కురిసిన మసి, నూనె కలిసి ఇసుక మీద పెచ్చులా కట్టింది. కాలు వేస్తే అప్పడం విరిగినట్టు విరిగేది. మందుపాతరలు ఏరేసిన మేరకు రెండువైపులా జెండాలు పాతి ఉన్నాయి. వాటి మధ్యలోనే నడవాలని ఇంజనీరు గారు మూడుసార్లు చెప్పారు. ఆయన భార్య కెమెరా మెడలో వేసుకుని, చీర కుచ్చిళ్లు కాస్త ఎత్తి పట్టుకుని, పేరంటానికి వెళ్తున్నట్టు నడిచింది.

బంకరు లోపలికి పన్నెండు మెట్లు. పైకప్పుకు ఇనుప దూలాలు వేసి, వాటి మీద కువైటీల ఇళ్ల నుంచి పీక్కొచ్చిన తలుపులు పరిచి, ఆ మీద ఇసుక బస్తాలు పేర్చారు. ఎవరిదో పడకగది తలుపు మా నెత్తిన ఉంది. గొళ్లెం వేలాడుతోంది.

“చూశావా, ఇక్కడ గాలికి గొట్టం పెట్టారు. డిజైను పరవాలేదు,” అన్నారు ఇంజనీరు గారు.

“అద్దెకిస్తారేమో కనుక్కుందామా సార్? ఫర్వానియాలో గదికన్నా ఇదే విశాలంగా ఉంది,” అన్నాను.

ఆయన భార్య నవ్వింది. డ్రైవరన్న నవ్వలేదు. ఆయన నా ముఖమే చూస్తున్నాడు.

రెండో గదిలోకి ఒక సన్నటి ద్వారం ఉంది. టార్చి నా చేతిలో ఉంది కాబట్టి నేను ఆఖర్న నిలబడి వాళ్ల కాళ్ల దగ్గర వెలుతురు వేశాను. ముందు ఇంజనీరు గారి బూట్లు, తర్వాత ఆమె చెప్పులు, తర్వాత డ్రైవరన్న చెప్పులు. మూడు జతలూ ద్వారం దగ్గరికి రాగానే పైకి లేచి, దేన్నో దాటి, అవతల దిగాయి. అంతవరకూ దారి పొడుగునా ఇసుక బస్తాలను, పెట్టెలను, పడిన దూలాలను తొక్కుకుంటూ వచ్చినవాళ్లే. అక్కడ మాత్రం ఎవరూ తొక్కలేదు. ఒకరికొకరు చెప్పుకోలేదు. కిందికి చూసుకోనూ లేదు. నా కాలు కూడా తనంతట తానే లేచి, గాల్లో ఆగిపోయింది.

కింద సిమెంటు గడప ఉంది.

“ఏం చూస్తున్నావయ్యా? ఇసుక లోపలికి రాకుండా కట్టుంటారు,” అన్నారు ఇంజనీరు గారు.

ఆయన భార్య వెనక్కి వచ్చి వంగి చూసింది.

“ఇసుక కోసమైతే ఈ గుంటలెందుకండీ? వరసగా ఐదున్నాయి. గడపకు బొట్లు పెట్టే చోటులా లేదూ?”

మా ఊళ్లో చెక్క గడప పెట్టించుకునే స్థోమత లేనివాళ్లకు బావ సిమెంటు గడప కట్టేవాడు. సిమెంటు మీద పెట్టిన కుంకుమ నాలుగు నీళ్ల చుక్కలు పడితే కారిపోతుందని ఆడవాళ్లు సణిగేవాళ్లు. అందుకని పచ్చిగా ఉండగానే బొటనవేలి కొసతో, గోరు దిగేలా ఐదుచోట్ల నొక్కేవాడు. బొట్టు ఆ గుంటలో కుదురుగా కూర్చునేది. ఎవరూ నేర్పింది కాదు, ఆయన సొంత పద్ధతి. కువైట్‌లో ఒక అరబ్బు ఇంటి ముంగిట కూడా అలవాటు కొద్దీ నొక్కేశాడు. ఫోర్‌మన్ బూతులు తిట్టి పూడ్పించాడు. ఆ సంగతి నేను గదిలో ఆరు నెలలు నటించి చూపించాను.

నేను గడప ముందు కూర్చుని మొదటి గుంటలో నా బొటనవేలు పెట్టాను. వదులుగా ఉంది. బావది పెద్ద వేలు. ఎప్పుడో బండ పడి ఆయన గోరు నిలువునా చీలి, అలాగే పెరిగింది. ఆయన నొక్కిన చోటల్లా మధ్యలో సన్నటి గీత లేచేది. నా వేలికి ఆ గీత తగిలింది. రెండోదాంట్లో పెట్టాను. మూడోదాంట్లో. ఐదింటిలోనూ తగిలింది.

అక్కడ ఎవరో ఒకరు ఏదో ఒకటి అని తేలిక చేయాలి. మామూలుగా ఆ ఒకణ్ణి నేనే.

“ఏమబ్బీ, కాలు మడతబడిందా?” అన్నాడు డ్రైవరన్న.

“మా బావ,” అన్నాను.

ఆయనకు అర్థమైంది. ఆమెకు ఆయన నెమ్మదిగా చెప్పాడు. ఆమె కెమెరాను మెడలోంచి తీసి సంచీలో పెట్టేసింది.

రెండో గదిలో ఒక మూల పైకప్పు కూలి, ఇసుక గుట్టగా దిగింది. బాంబు పడినట్టుందని ఇంజనీరు గారన్నారు. అని, నా వైపు చూసి, “కానీ కట్టుబడి అయ్యాక పనివాళ్లను ఇక్కడ ఉంచరయ్యా. వేరేచోటికి పంపించేస్తారు,” అన్నారు.

“లారీల్లో ఉత్తరానికి తోలినారని నేనూ విన్యా,” అన్నాడు డ్రైవరన్న.

ఇద్దరికీ ఏమీ తెలియదని నాకు తెలుసు. పైకి వచ్చి వ్యాను నీడలో కూర్చున్నాం. “తినండి తమ్ముడూ,” అని ఆమె నా ముందు పళ్లెం పెట్టింది. దుఃఖంలో ముద్ద దిగదంటారు. నాకు దిగింది. మారు కూడా వడ్డించుకున్నాను. ఆమె నాకు కనబడకుండా పక్కకు తిరిగి ముక్కు తుడుచుకుంది. మా బావ ముఖం కూడా ఆమె ఎప్పుడూ చూసింది కాదు.

ఆ రోజుల్లో ఫోను మా అందుబాటులో ఉండేది కాదు. మాటలు క్యాసెట్లో రికార్డు చేసి, ఊరికి పోయేవాళ్ల చేతికి ఇచ్చి పంపేవాళ్లం. మరుసటి శుక్రవారం గదిలో ఎవరూ లేనప్పుడు టేప్ రికార్డరు ముందు కూర్చున్నాను. బంకరు సంగతి చెప్పాను. గడప, గుంటలు, గోటి గీత చెప్పాను. కూలిన మూల కూడా చెప్పాను. తర్వాత ముహందిస్ సంగతి చెప్పాను. మొదటిసారి వింటే అందులో రెండు జోకులున్నాయి. చెరిపేశాను. రెండోసారి సార్జెంటు గొంతును అనుకరించాను. చెరిపేశాను. మూడోసారి ఊరికే చెప్పాను. నా గొంతు ఎవరిదో అనిపించింది.

రెండు నెలలకు అక్క క్యాసెట్ వచ్చింది.

“అబ్బీ, నువ్వు చెప్పింది నాలుగుమార్లు విన్యా. బాంబు పడినకాడ మనిషి యాడ మిగుల్తాడని పెద్దాయప్ప అంటాండాడు. పురోయితునికి చెప్పి, గడ్డి కూడా తెప్పించినాడు. నేను ఒకటే మాటన్యా. తుపాకులోళ్ల నడాన నిలబడుకోని, ఆడోళ్లు వచ్చి బొట్టు పెడతారని గుంతలు పెట్టినాడే, ఆ మనిషి చచ్చిపోతానని అనుకోలేదు. మరి నేనెందుకు అనుకోవాల? గడ్డి ఎనుముకు ఏసినా. బాగా తినింది.”

ఎదురుచూపు ముగించమని పంపితే, నేను దానికి ఇంకా కొన్నేళ్లు ఆయుష్షు పోసి పంపాను.

తర్వాత అక్క చాలా చెప్పింది. తన కొడుకు ఐదో తరగతిలో ఫస్టొచ్చాడంది. బోరులో నీళ్లు తగ్గాయంది. నాకు సంబంధమేదో వచ్చిందట, పిల్ల కొంచెం పొట్టి అంది. ముహందిస్ సంగతి మాత్రం ఒక్క ముక్క లేదు. తిట్టలేదు. పోనీలే అనలేదు. ఆ సంగతి విన్నట్టు కూడా చెప్పలేదు.

క్యాసెట్ రెండోవైపు తిప్పి పెట్టాను. ఖాళీ. అయినా చివరిదాకా కూర్చుని విన్నాను. మధ్యలో ఒకచోట ఎవరో గొంతు సవరించుకున్నట్టు వినబడితే ఆపి, వెనక్కి తిప్పి మళ్లీ విన్నాను. మళ్లీ విన్నాను. టేపు గరగర. అంతే.