రెండు కళ్ళూ సమానంగా

బొమ్మలాయన రోజూ పొద్దున్నే కిటికీ పక్కన అదే పీట మీద కూర్చుంటాడు. పగిలిన పెంకు మీద పది జతల కళ్ళు వేసి, చెయ్యి కుదిరాకే బొమ్మల జోలికి పోతాడు. ముప్ఫై ఏళ్ళ అలవాటు. రెండు కళ్ళూ అచ్చు గుద్దినట్టు వస్తాయి. భార్య పోయాక మాత్రం రోజుకో బొమ్మకి కళ్ళు పెట్టకుండా పక్కన ఉంచుతున్నాడు. పనయ్యాక కుంచె పట్టుకుని, ఆవిడ చూపు గుర్తుకొచ్చేదాకా దాని ముందు కూర్చుంటాడు. ఇంట్లో ఉన్న ఒక్క ఫొటోలోనూ ఆవిడ కళ్ళు మూసేసుకుంది. ఈమధ్య ఆ చూపు రావడం ఆలస్యమవుతోంది. ఎక్కడ రాకుండానే పోతుందోనని అతనికి గుండెల్లో గుబులు.

ఆ రోజు ఆ చూపు వచ్చింది. గబగబా వేసి కూతురికి చూపించాడు.

"అమ్మేనా?"

కూతురు బొమ్మను వెలుగులోకి తిప్పింది. "అమ్మే గానీ నాన్నా, రెండూ సమానంగా దిద్దేశావే! అమ్మకి ఒక కన్ను కాస్త చిన్నది కదా. 'దేవుడు తొందరపడ్డాడే, మీ నాన్నకిచ్చుంటే సరిగ్గా వేసేవాడు' అని నవ్వేది."

తడిగుడ్డ అందుకున్నాడు. ఒక కన్ను దాకా వెళ్ళిన చెయ్యి ఆగింది. రెండో కన్ను వైపు జరిగి, అక్కడా ఆగింది.

"ఏ కన్నే, అమ్మాయ్?"

చెప్పబోయి కూతురు నోరు తెరిచింది. వేలు ఒక కన్ను వైపు చాపింది, రెండోదాని వైపు తిప్పింది, మళ్ళీ మొదటిదాని వైపే తెచ్చింది.