గుమ్మం దగ్గర పదమూడు జతల బూట్లు

అరోరాలో ఇరవై రెండేళ్ళుగా కాపురముంటున్న జ్ఞానప్రసూన గారి బొమ్మలు చూడని తెలుగువాళ్ళు ఆ చుట్టుపక్కల లేరు. అవి ఆవిడ వేసినవని తెలిసినవాళ్ళూ లేరు. ఉగాది సభలకు వెనక తెరలు, సీమంతాల పిలుపు కార్డులు, పక్కింటి పిల్లల బడి ప్రాజెక్టులకు అగ్నిపర్వతాలు, ఎవరేమడిగినా వేసిపెట్టారు. సభ చివర ధన్యవాదాల ఘట్టంలో మైకులు బిగించినవారి పేరు, పులిహోర తెచ్చిన కుటుంబం పేరు గంభీరంగా చదివేవారు. తెర మాత్రం స్వయంభువులా వేలాడేది. పిల్లలకు ఆవిడ డ్రాయింగ్ ఆంటీ, పెద్దలకు శేషగిరి గారి మిసెస్. రెండింటికీ పలికేవారు.

ఇలా ఉండగా, మొన్న అక్టోబరులో, లైబ్రరీలో బుధవారాలు జరిగే బొమ్మల క్లాసులో గుద్రూన్ అనే పెద్దావిడ జ్ఞానప్రసూన నోటుబుక్కులోకి తొంగి చూసింది. ఆవిడ ఐస్‌లాండ్‌లో పుట్టి, ఇక్కడ స్కూల్లో పాఠాలు చెప్పి రిటైరయింది. లైబ్రరీలో డిసెంబరు గోడ అలంకరణ బాధ్యత ఆవిడదే.

"మా దేశంలో ట్రోల్స్ అనే కొండరాక్షసులు పదముగ్గురు అన్నదమ్ములున్నారు," అంది గుద్రూన్. "క్రిస్మస్‌కి ముందు రోజుకొకడు చొప్పున కొండ దిగి ఇళ్ళలో పడతారు. ఒకడు గరిటెలు నాకుతాడు, ఒకడు తలుపులు దబదబలాడిస్తాడు, ఒకడు గిన్నెల అడుగు గీకి తింటాడు, ఒకడు పెరుగు ఊడ్చేస్తాడు. నువ్వు పదమూడు బొమ్మలు వెయ్యి. రోజుకొకటి గోడకెక్కిస్తాను. ఆఖరి దాని కింద నీ పేరు రాస్తాను."

జ్ఞానప్రసూనకు సరిగ్గా వినపడింది ఆఖరి వాక్యమొక్కటే.

ఆవిడ ఐస్‌లాండ్ ఎన్నడూ చూడలేదు. అయితే అలాంటి మనుషులకు ఇంట్లో కొరత లేదు. తలుపులు దబదబలాడించేవాడికి, పదిహేనేళ్ళ వయసప్పటి కూతురు రాగిణిని జ్ఞాపకం చేసుకుంటే సరిపోయింది. గిన్నె గీకేవాడైతే ఎదురుగానే కూర్చుని ఉన్నాడు. శేషగిరి గారు ఆఫీసులో పెద్ద హోదా గల మనిషే అయినా, పప్పు గిన్నెలో అన్నం వేసి తుడుచుకు తినడం ముప్పై ఏళ్ళ దీక్ష.

"ఏవండీ, అలాగే ఉండండి, కదలకండి."

"అన్నం చల్లారిపోతుందోయ్!"

"ట్రోల్స్ వేడన్నం అడగరు."

"నేను ట్రోల్‌నా?"

"కాదు, మోడల్."

ఆ మాటకు ఆయన వెన్ను నిటారుగా చేసి, గిన్నెను ఇంకాస్త వెలుతురులోకి జరిపారు.

నవంబరు ఆఖరి ఆదివారం, షామ్‌బర్గ్‌లో ఉద్యోగం చేసే రాగిణి భోజనానికి వచ్చింది. బొమ్మలన్నీ టేబుల్ మీద పరిచి ఉన్నాయి. మర్నాడే గుద్రూన్‌కి అప్పగించాలి.

"అమ్మా, సూపర్ క్యూట్! బట్... వీళ్ళు దొంగలు కదా?"

"అవును."

"మరి షూస్ ఎందుకు తీశారు?"

జ్ఞానప్రసూన వంగి చూశారు. నిజమే. పదమూడు బొమ్మల్లోనూ గుమ్మం పక్కన ఒక జత బూట్లు, మడమలు గోడకానించి, బుద్ధిగా ఉన్నాయి. ప్రతి ట్రోలూ వట్టి కాళ్ళతోనే దొంగతనం చేస్తున్నాడు. కొవ్వొత్తి ఎత్తుకుపోయే దొంగ పరుగు మధ్యలో గుమ్మం దగ్గర ఆగి లేసులు కట్టుకోక తప్పదు. ఇదంతా ఆవిడ ఆలోచించి చేసింది కాదు. వంటింట్లోకి బూట్లతో వచ్చే మనిషిని గీయడానికి ఆ చెయ్యి ఒప్పుకోలేదంతే.

"వంటింట్లోకి బూట్లేసుకుని ఎలా వస్తారే?"

"అమ్మా, దే ఆర్ ట్రోల్స్!"

"అయితే?"

"సంస్కారం గల దొంగతనం," అన్నారు శేషగిరి గారు. ఎవరూ నవ్వలేదు.

నీటిరంగులు చెరపడానికి లొంగవు. మళ్ళీ వేయడానికి వ్యవధి లేదు. గుద్రూన్ కాదంటే గోడ నిండా కాగితం మంచుపూలు అతికిస్తారు. పేరు ఎప్పటిలాగే ఇంట్లో ఉంటుంది. జ్ఞానప్రసూన టీ పెట్టుకుని, తాగడం మరిచిపోయారు.

సోమవారం పొద్దున మంచులో కారు నడుపుకుంటూ గుద్రూన్ ఇంటికి వెళ్ళారు. అలవాటు చొప్పున గుమ్మంలోనే బూట్లు విప్పారు. కంగారులో దేన్నీ గమనించలేదు. గుద్రూన్ బొమ్మలు ఒక్కొక్కటే చూసింది. ఆరో బొమ్మ దగ్గర ఆగి, బూట్ల మీద వేలు పెట్టింది.

"జ్ఞానా, వీళ్ళు బూట్లు విప్పారు."

"పొరపాటైంది. వారం టైమిస్తే మళ్ళీ..."

"ఏం పొరపాటు? బూట్లతో వంటింట్లోకొస్తే మా అమ్మ ట్రోలని కూడా చూసేది కాదు, చీపురు తిరగేసేది. ఇక్కడ నలభై ఏళ్ళుగా చూస్తున్నాను, బొమ్మలేసే ప్రతివాళ్ళూ ఆ వెధవల్ని బురద బూట్లతో మా ఇళ్ళలోకి తోలుతున్నారు. ఇన్నాళ్ళకి ఎవరో వాళ్ళకి మర్యాద నేర్పారు!"

అప్పుడు చూశారు జ్ఞానప్రసూన. గుద్రూన్ కాళ్ళకు ఉన్ని మేజోళ్ళు మాత్రమే ఉన్నాయి. తన బూట్ల పక్కనే ఆవిడవీ, మడమలు గోడకానించి ఉన్నాయి.

"ఒకటే లోపం," అంది గుద్రూన్. "బూట్లు ఖాళీగా ఉన్నాయి. మా పిల్లలు కిటికీలో బూటు పెట్టుకుంటే, మంచివాళ్ళకి ట్రోల్స్ చిన్న కానుక వేసిపోతారు. అల్లరివాళ్ళకి కుళ్ళిన బంగాళాదుంప. మరి ఈ పదముగ్గురి కంటే అల్లరివాళ్ళెవరు?"

జ్ఞానప్రసూన బ్రష్ అడిగారు. బంగాళాదుంప ఎంతసేపు, ఒక గోధుమరంగు మరక. జతకొకటి చొప్పున వేసి, గిన్నె గీకేవాడికి మాత్రం రెండు వేశారు. కారణం చెప్పలేదు.

"పేరు పొట్టిగా రాసేయండి. ఎవరూ పలకలేరు," అన్నారు లేస్తూ.

"నా పేరు పలకలేక ఈ ఊరంతా నన్ను గూడీ అంటోంది. నీది మొత్తం రాస్తాను. ఒక్కో అక్షరం చెప్పు."

డిసెంబరు ఇరవై నాలుగున, లైబ్రరీ మధ్యాహ్నానికే మూసేసే రోజున, పదమూడో బొమ్మ గోడకెక్కింది. పిల్లలు బంగాళాదుంపలు లెక్కపెట్టి, పద్నాలుగు ఎందుకొచ్చాయని పోట్లాడుకుంటున్నారు. శేషగిరి గారు తన బొమ్మ పక్కన నిలబడి, అడిగినవారికీ అడగనివారికీ అది తానేనని మనవి చేసుకుంటున్నారు. తెలుగు బడికి వెళ్ళే ఇషా, బొమ్మ కంటే వెడల్పుగా ఉన్న పేరును కూడబలుక్కుని చదివింది.

"డ్రాయింగ్ ఆంటీ, ఇది మీ నేమా? ఎంత లాంగ్ ఉంది!"

"అవునమ్మా," అన్నారు జ్ఞానప్రసూన. "ఏదీ, ఇంకోసారి చదువు."