విఠల్ సార్‌కి నేను రాసిన సన్మాన పత్రం

నవ్వితే నవ్వండి, కానీ ఎవరికీ ఫార్వర్డ్ మాత్రం చేయకండి. మిర్యాలగూడలో ఇప్పటికే సగం మందికి తెలుసు. సూర్యాపేటకి ఇంకా పూర్తిగా రాలేదు. మా ఆఫీసులో తెలిసిన రోజు నేను లాంగ్ లీవ్ పెట్టాల్సిందే.

నేను రాస్తానని మీకు తెలుసు కదా. పొద్దంతా ఆఫీసులో ఫైళ్లు, సాయంత్రం ఫేస్‌బుక్‌లో పాత సినిమా పాటల మీద పోస్టులు. ఒక పాటలో వీణ ఎక్కడ మొదలైంది, ఎక్కడ ఆగింది, అలాంటివి. నలభై లైకులు, పది కామెంట్లు, ఆ పదిలో మూడు మా బామ్మర్దివే. కానీ చుట్టుపక్కల నాకు పేరొచ్చింది పాటల వల్ల కాదు, సన్మాన పత్రాల వల్ల. ఎవరు రిటైరైనా శాలువా, దండ, ఫ్రేము కట్టిన సన్మాన పత్రం ఉండాలి కదా. ఆ పత్రం రాసేది నేనే. మైకులో చదివేది కూడా నేనే.

ఇక్కడే ఒక నిజం ఒప్పుకోవాలి. నేను రాసిన సన్మాన పత్రం ఒక్కటే. పదేళ్ల కింద ఒక పోస్ట్‌మాస్టర్ కోసం రాశాను. తర్వాత వచ్చినవన్నీ దాని పిల్లలే. పాత ఫైలు తెరవడం, పేరు మార్చడం, ఊరు మార్చడం, మధ్యలో ఆ మనిషి ఉద్యోగం గురించి ఒక పేరా కొత్తగా రాయడం. అరగంట పని. మొదటి పేరా మాత్రం ఎప్పుడూ ముట్టుకోను. "దీపం తన వెలుగు తాను చూసుకోదు. ఎదుటివారి దారి కనిపిస్తే చాలనుకుంటుంది. మీ పేరు ఏ రాతి మీదా లేకపోవచ్చు. మీ వెంట నడిచిన వారి అడుగులతో ఆ దారిలో గడ్డి మొలవలేదు." ఇది పోస్ట్‌మాస్టర్‌కి సరిపోయింది, లైన్ ఇన్‌స్పెక్టర్‌కి సరిపోయింది, హెడ్ కానిస్టేబుల్‌కీ సరిపోయింది. రెండు నెలల కింద చివ్వెంల పశువుల డాక్టర్ గారికి చదివితే ఆయన భార్య కళ్లు తుడుచుకుంది.

ఇక విఠల్ సార్ సంగతి. సూర్యాపేట హైస్కూల్లో నాకు సోషల్ చెప్పారు. సిలబస్‌లో ఆయన చెప్పింది ఒక్కటి గుర్తులేదు. స్కూలయ్యాక ఆయన కిరాయి గదిలో టేప్‌రికార్డర్ ముందు కూర్చోబెట్టి పాట వినడం నేర్పారు, అది మాత్రం మర్చిపోలేదు. "పాడేటోని గొంతు అందరు ఇంటరు. ఆయన ఆగినంక ఎనక వేణువు వాయించెటోడు ఉంటడు సూడు, వాని పేరు ఎవ్వనికి తెల్వది. వాన్ని ఇను" అనేవారు. నేను ఈ రోజు నాలుగు ముక్కలు రాస్తున్నానంటే ఆ గది పుణ్యమే.

ఆ సార్ మొన్న మిర్యాలగూడలో రిటైరయ్యారు. మూడు నెలల ముందే ఫోన్ చేశారు.

"యాదగిరీ, నాకు శాలువలు గిట్ల వద్దురా. ముప్పై ఏండ్లల్ల నా మీద ఎవ్వరు ఒక్క ముక్క రాయలే. నువ్వు నాలుగు మాటలు రాసి సదువు. అదే సాలు."

"సార్, అదెంత పని" అన్నాను.

నెల తర్వాత మళ్లీ ఫోన్. "రాసినవా?"

"నడుస్తుంది సార్."

వారం ముందు ఇంకోసారి. "మా అక్కను గూడ తోల్కొస్తున్న, నువ్వు సదివేది ఇంటదని. అయిపోయిందా?"

"ఫైనల్ టచింగ్ సార్."

అప్పటికి ఒక్క అక్షరం లేదు. రాయాలని లేక కాదు. నాలుగుసార్లు కూర్చున్నాను. ముక్కూ మొహం తెలియని పోస్ట్‌మాస్టర్ గురించి పేజీలు వచ్చాయి కానీ సార్ గురించి రాద్దామంటే ప్రతి మాటా తక్కువే అనిపించేది. కొట్టేయడం, లేచిపోవడం, అంతే.

ఫంక్షన్ మంగళవారం. ఆదివారం మధ్యాహ్నం ఇక తప్పదని కంప్యూటర్ ముందు కూర్చున్నాను. పశువుల డాక్టర్ ఫైలు తెరిచాను. పేరు మార్చాను, ఊరు మార్చాను, చివర్లో కుటుంబం పేరా సరిచేశాను. మధ్య పేరా మాత్రం సార్ కోసం మనసు పెట్టి రాద్దామని వదిలిపెట్టాను. మూడ్ రావాలి కదా, సార్‌కి ఇష్టమైన పాట ఒకటి పెట్టుకున్నాను. రెండో చరణానికి ముందు వేణువు వస్తుంది. ఒకసారి విన్నాను. ఇంకోసారి విన్నాను. పాట పాటకీ చుట్టరికం ఉంటుంది, ఒకటి ఇంకోదాన్ని పిలుచుకొచ్చింది. మూడు గంటలకి ఆ వేణువు మీద పెద్ద పోస్టు రాసి పెట్టేశాను. కామెంట్లు వచ్చాయి, అందరికీ జవాబులిచ్చాను. ఒకాయనతో అది వేణువా క్లారినెట్టా అని వాదన కూడా అయింది.

అప్పుడు కోదాడ నుంచి బాజీ ఫోన్. బాజీకి అక్కడ ఫ్రేముల షాపు ఉంది, నా పత్రాలన్నీ అతనే కడతాడు. మంచి పనిమంతుడు.

"అన్నా, మేటర్ ఇప్పుడే పంపించండి. రేపు నేను పెళ్లికి వెళ్తున్నాను, షాపు ఉండదు. ఇవాళే కట్టి ఉంచుతాను."

పంపేశాను. ఆ మధ్యాహ్నమంతా వేలు నొప్పి పుట్టేదాకా రాశాను కదా, అదంతా సార్ కోసమే రాసినట్టు మనసుకి అనిపించింది. పని అయిపోయిన తృప్తి కూడా కలిగింది. చాయ్ పెట్టమని మా ఆవిడ సుజాతని అడిగాను.

సుజాత చాయ్ ఇస్తూ అంది, "రాసింది ఒక్కపారి సదువుకోరాదు?"

"నేను రాసింది నేను చదవడమేంది" అన్నాను. ఆ మాట ఆమె ఇప్పటికి ముప్పైసార్లు నాకు అప్పజెప్పింది, నా గొంతుతోనే.

మంగళవారం లీవ్ పెట్టి పొద్దున్నే కోదాడ బస్సెక్కాను. ఫ్రేము గోధుమరంగు కాగితంలో చుట్టి, తాడు కట్టి ఉంది. బాజీ పెళ్లి నుంచి వచ్చినట్టున్నాడు, కళ్లు మూతలు పడుతున్నాయి.

"ఎలా ఉంది బాజీ, చదివావా?"

"మీ మేటర్ నేను చదివేదేముందన్నా. మీరు రాసిన దాంట్లో కామా కూడా ముట్టుకోను" అన్నాడు గర్వంగా. నాకూ గర్వంగానే అనిపించింది.

అక్కడి నుంచి హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడ బస్సు. ఫ్రేము ఒళ్లో, ఇయర్‌ఫోన్లు చెవుల్లో. రెండు గంటల ప్రయాణం. తాడు విప్పి ఒక్క చూపు చూస్తే ఈ కథ ఉండేది కాదు. చూడలేదు. ఆ బస్సులో నేను ఇంకో గొప్ప పని చేశాను. పత్రం చదివేటప్పుడు వెనక వినిపించడానికి సార్‌కి ఇష్టమైన ఆ వేణువు ముక్క కట్ చేసి, ఆగకుండా తిరిగేలా ఫోన్‌లో సెట్ చేశాను.

స్కూల్ గ్రౌండ్‌లో షామియానా. పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు, టీచర్లు. స్టేజీ మీద సార్, సార్ వాళ్ల మేడమ్ దండలు వేసుకుని కూర్చున్నారు. ముందు వరుసలో సార్ వాళ్ల అక్క. డెబ్బై దాటిన మనిషి, చెవికి మిషన్ పెట్టుకుని నా వైపే చూస్తోంది. హెడ్‌మిస్ట్రెస్ గారు "ప్రముఖ రచయిత యాదగిరి గారు" అని పిలిచారు. ప్రముఖ అన్నారు. అది కూడా గుర్తుపెట్టుకోండి.

ఫ్రేము తాడు విప్పి చేతిలో పట్టుకుని, ఫోన్ మైకు దగ్గర పెట్టాను. వేణువు మొదలైంది. సార్ మొహం వెలిగింది. కళ్లు మూసుకున్నారు. ఆయన పాట వినేటప్పుడు అలాగే మూసుకుంటారు. నేను నా మైకు గొంతు తీసి మొదలుపెట్టాను. దీపం, దారి, గడ్డి. చప్పట్లు పడ్డాయి. మేడమ్ కొంగు కళ్లకి అద్దుకున్నారు. నాకు ఊపొచ్చింది. అదే ఊపులో రెండో పేరాలోకి దిగాను.

"మూగజీవాల మనసెరిగిన మహానుభావా! నోరులేని వాటి బాధను మీరు కళ్లలో చూసి కనిపెట్టారు. మీ సూది పడని బర్రె ఈ మండలంలో లేదు."

బర్రె అన్నాక గానీ నా చెవులకి నా గొంతు వినిపించలేదు. షామియానా కింద గాలి కూడా ఆగినట్టయింది. వేణువు మాత్రం ఆగలేదు, చక్కగా వాయిస్తూనే ఉంది. సార్ కళ్లు తెరిచారు.

ఆ క్షణంలో "పొరపాటైంది, క్షమించండి" అని దిగిపోతే పరువు కొంతైనా మిగిలేది. కానీ రచయితని కదా, కవర్ చేద్దామనుకున్నాను.

"ఇక్కడ మూగజీవాలు అంటే... విద్యార్థులు అన్నమాట" అన్నాను.

పేరెంట్స్ కమిటీ చైర్మన్ స్టేజీ మీదే ఉన్నాడు. నెమ్మదిగా అడిగాడు, "అంటే మా పిల్లలు బర్లా సారూ?"

"అట్ల కాదన్నా, సూది అంటే జ్ఞానం..."

వెనక పదో తరగతి వరుసల్లోంచి ఎవడో "అంబా" అన్నాడు. ఇక స్కూలు స్కూలంతా అందుకుంది. ఆ గోల ఆగాలని నేను కళ్లు ఫ్రేములో పెట్టి గబగబా చదివేశాను. గాలికుంటు రోగం వచ్చిన ఏడాది సార్ తిరగని దొడ్డి లేదని చదివాను. మన ఊళ్లలో మేలుజాతి దూడలు గంతులేస్తున్నాయంటే అది సార్ చలవేనని కూడా చదివాను. ఎందుకు చదివానో దేవుడికే తెలియాలి. చేతిలో పత్రం ఉంటే చదవడం అలవాటు, అంతే.

ముందు వరుసలోంచి అక్క పక్కావిడని అడుగుతున్న మాట మైకు లేకుండానే అందరికీ వినిపించింది. "మా తమ్మునికి సూది అంటెనే బుగులు. బర్లకు ఎప్పుడు ఏసిండు?"

నేను సార్ వైపు చూశాను. ఆయన నవ్వడం లేదు. కోపంగా కూడా లేరు. ముప్పై ఏళ్లు ఎదురుచూసిన ఉత్తరం విప్పితే అందులో పక్కింటివాళ్ల పేరున్నట్టు చూస్తున్నారు. నా కాళ్ల కింద స్టేజీ విరిగితే బాగుండనిపించింది. అద్దె స్టేజీయే గానీ గట్టిగా కట్టారు.

ఫ్రేము ఆయన చేతిలో పెట్టాను. ఫొటో తీశారు. తర్వాత సార్ మైకు తీసుకున్నారు. "యాదగిరి పొద్దుగాల నుంచి రెండు బస్సులు మారి ఒచ్చిండు, అలసిపోయిండు. వేణువు మాత్రం మంచిగ పెట్టిండు" అన్నారు. నా గురించి అంతే. నన్ను తిట్టి ఉంటే అన్నం తినేవాణ్ణి. ఆ రోజు భోజనంలో మటన్ కూడా ఉంది, ముద్ద దిగలేదు.

చేతులు కడిగే దగ్గర దొరికారు. "సార్, తప్పైంది. పాత ఫైలు..." అని ఏదో నసిగాను.

సార్ చేతులు తుడుచుకున్నారు. తర్వాత గొంతు తగ్గించి అడిగారు, "నడిమి పేరా ఎవలదో ఒచ్చింది, సరే. మొదటి పేరా మాత్రం నాకే రాసినవ్ గదా?"

చెప్పండి, మీరైతే ఏం చెప్తారు? ఆయన కళ్లలోకి చూస్తూ "అవును సార్, అది మీకే" అన్నాను. నా జీవితంలో సిగ్గుపడాల్సిన మాటల్లో అది మొదటిది. బర్రె రెండోది.

సూర్యాపేట వచ్చాక నాలుగు వారాలు పాట పెట్టలేదు, పోస్టు పెట్టలేదు. రోజూ ఆఫీసు నుంచి రాగానే కూర్చుని సార్ గురించే రాశాను. ఆ కిరాయి గది, టేపు చిక్కుకుంటే పెన్సిల్‌తో తిప్పిన ఆయన వేళ్లు, నేను పదిలో తప్పినప్పుడు ఆయన ఏమీ అనకుండా పాట పెట్టిన సాయంత్రం. నాలుగు పేజీలు వచ్చాయి. ఒక్క మాట ఎక్కడి నుంచీ ఎత్తలేదు. సుజాత చదివి "ఇది నువ్వేనా రాసింది?" అంది. మెచ్చుకున్నట్టే అనుకున్నాను.

ఆదివారం ఆ పేజీలు తీసుకుని మిర్యాలగూడలో సార్ ఇంటికి వెళ్లాను. హాల్లో గోడ మీద బాజీ కట్టిన ఫ్రేము ఉంది. మధ్య పేరా మీద ఫేర్‌వెల్ గ్రూప్ ఫొటో కొలిచినట్టు అతికించారు. పైన మొదటి పేరా, కింద కుటుంబం పేరా. నేను చూస్తుంటే మేడమ్ అన్నారు, "ఇంటికి ఎవరొచ్చినా నిలవెట్టి ఆ పేరా సదివిస్తడు. నాకు నోటికొచ్చింది."

నాలుగు పేజీలు సార్ చేతిలో పెట్టాను. అద్దాలు పెట్టుకుని మెల్లగా, మొత్తం చదివారు. ఒకచోట ఆగి ముక్కు తుడుచుకున్నారు. నా గుండె తేలికైంది. కాగితాలు జాగ్రత్తగా మడిచి జేబులో పెట్టుకుని నా భుజం మీద చెయ్యి వేశారు.

"మంచిగుంది యాదగిరీ. మనసు పెట్టి రాసినవ్" అన్నారు. గోడ వైపు ఒకసారి చూశారు. "కాని, నిజం చెప్పాల్నంటే, ఆ మొదటి పేరా అంత రాలే."

నేను తల ఊపి చాయ్ తాగి వచ్చేశాను. ఏం చేయను, ఆ పేరా పోస్ట్‌మాస్టర్‌దని చెప్పనా?

అది కాదు నా బాధ. ఇంటికొచ్చాక ఆ పేరా, నా నాలుగు పేజీలు కంప్యూటర్‌లో పక్కపక్కన పెట్టుకుని, ఇయర్‌ఫోన్లు తీసేసి, నిదానంగా చదివాను. సార్ చెప్పింది నిజమే.